నూకరాజు బాబాయ్ చూసిన నీళ్ళు

అది 2023 వేసవి. పోర్ట్ బ్లెయిర్‌లో వానలు దిగడానికి ఇంకా నెల రోజులున్నాయి. మిడిల్ పాయింట్‌లో నాకొక చిన్న షాపు ఉంది. లాప్‌టాప్‌లు అమ్ముతాను, పాడైతే బాగుచేయిస్తాను. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. అయినా ఇప్పటికీ లోపలికి వచ్చినవాళ్ళలో సగంమంది నా భుజం మీదుగా వెనక్కి చూసి, "భయ్యా లేరా?" అని అడుగుతారు. మా ఆయన ఓడలో ఉద్యోగి. ఆయనకు కంప్యూటర్ ఆన్ చేయడం మాత్రం వచ్చు, ఆఫ్ చేయడం దగ్గర నన్ను పిలుస్తాడు. "భయ్యా సముద్రం మీదున్నాడు, ఈదుకుంటూ వెళ్ళి అడగండి" అంటుంటాను. నాకు ముక్కు మీదే కోపం.

ఆ రోజు మధ్యాహ్నం ఒకమ్మాయి, వెనక ఆమె తండ్రి వచ్చారు. అమ్మాయి పేరు హేమ, ఇరవై నాలుగేళ్ళుంటాయి. తండ్రి నూకరాజు చేపల వేటకు వెళ్తాడు. ఇద్దరూ హోప్ టౌన్ నుంచి ఫెర్రీలో వచ్చారు. ఆయన చెప్పులు బయటే విడిచి, ఏసీ కింద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. స్టూలు చూపించినా కూర్చోలేదు.

"దీదీ, రెండరింగ్ పనికి లాప్‌టాప్ కావాలి" అంది హేమ.

రెండరింగ్ అంటే ఇంకా కట్టని ఇంటికి ఫోటో తయారుచేయడం. గోడ ఎక్కడ, కిటికీ ఎక్కడ, ఎండ ఏ వైపు నుంచి పడుతుంది అన్నీ లెక్కగట్టి కంప్యూటర్ ఆ బొమ్మ గీస్తుంది. దానికి గ్రాఫిక్స్ కార్డ్ అనే భాగం గట్టిదై ఉండాలి. లేదంటే ఒక్క బొమ్మకే గంటలు పడుతుంది.

హేమ అప్పటిదాకా ఒక ఇంజనీర్ ఆఫీసులో డెస్క్‌టాప్ మీద ఈ పని చేసేది. ఆ కాంట్రాక్ట్ అయిపోయింది. హావ్‌లాక్ దీవిలో మూడు కాటేజీలు కట్టించబోతున్న ఒక యజమాని, బొమ్మలు నచ్చితే మొత్తం డ్రాయింగుల పని ఆమెకే ఇస్తానన్నాడట. నచ్చకపోతే మళ్ళీ ఎవరో ఒకరి ఆఫీసులో ప్లాన్లు ట్రేస్ చేసుకుంటూ కూర్చోవాలి.

"బ్యాగులో పట్టాలి దీదీ. ఫెర్రీ ఎక్కాలి, దిగాలి, ఒక్కోసారి డింగీ పడవలో కూడా వెళ్ళాల్సొస్తుంది. బడ్జెట్ మాత్రం పక్కా, దానికి పైన కుచ్ నహీ." కాస్త ఆగి, గొంతు తగ్గించి చెప్పింది. "నాన్న పడవకి కొత్త ఇంజిన్ కొందామని దాచుకున్నది. పాతది మధ్యలో ఆగిపోతోంది. అయినా ముందు నాదే కానిమ్మన్నాడు."

ఆమె బడ్జెట్‌లో నా దగ్గర రెండు పీసులున్నాయి. ఒకటి గేమింగ్ లాప్‌టాప్. బరువు, ఛార్జర్ కూడా ఇటుకంత ఉంటుంది, కానీ గ్రాఫిక్స్ కార్డ్ గట్టిది. రెండోది పల్చగా, తేలిగ్గా ఉంటుంది. దాని కార్డ్ ఒక మెట్టు తక్కువ, స్క్రీన్ మాత్రం మంచిది. మా వ్యాపారంలో ఎస్‌ఆర్‌జీబీ అని ఒక కొలత ఉంది. మామూలు ఫోటోలో ఉండే రంగుల్లో స్క్రీన్ ఎన్ని చూపించగలదో అది చెబుతుంది. పల్చటిది నూటికి నూరు చూపిస్తుంది. గేమింగ్‌ది సగానికి కాస్త పైన. ఈ సంగతి నాకు తెలియక కాదు. నాకు వేగం పిచ్చి, అంతే.

హేమ పెన్‌డ్రైవ్‌లోని ఫైలు రెండిట్లోనూ పెట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కాను. బొమ్మలో మూడు కాటేజీలు, ముందు ఇసుక, దాని ముందు సముద్రం. గేమింగ్‌ది నాలుగు నిమిషాల్లో ముగించింది. పల్చటిది ఏడు తీసుకుంది. పందెం నేనే గెలిచినంత సంతోషమేసింది.

"చూశావా? ఇదే నీది" అన్నాను.

"బరువు ఎక్కువ కదా దీదీ."

"బలం కావాలంటే కాస్త మోయాలి మరి."

అప్పటిదాకా మాట్లాడని నూకరాజు ముందుకు వంగి రెండు స్క్రీన్లూ మార్చి మార్చి చూశాడు. తర్వాత పల్చటిదాన్ని చూపించాడు. "పాపా, ఇందల నీల్లు బాగున్నాయే. ఆ పెద్దదాన్లో నీల్లు మనవి కావు. వాన ముందర మడ్డి నీల్లు లాగున్నాయి."

నేను నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, అప్పుడు గట్టిగానే నవ్వాను. "అది బొమ్మ బాబాయ్, సముద్రం కాదు. రంగు తగ్గిందనిపిస్తే సాఫ్ట్‌వేర్‌లో పెంచుకోవచ్చు." హేమకు ఆ బటన్ ఎక్కడుందో కూడా చూపించాను.

"నాకేటి తెలుసమ్మా. మీకు తెలుస్తాది" అని ఆయన వెనక్కి తగ్గి మళ్ళీ చేతులు కట్టుకున్నాడు.

వాళ్ళు గేమింగ్‌దే తీసుకెళ్ళారు.

పది రోజుల తర్వాత ఇద్దరూ మళ్ళీ వచ్చారు. హేమ ముఖం చూడగానే ఏదో జరిగిందని అర్థమైంది. యజమాని పోర్ట్ బ్లెయిర్ వస్తే హోటల్లో కలిసి బొమ్మలు చూపించిందట. లాప్‌టాప్‌లో చూసి బాగానే ఉన్నాయన్నాడట. ఇంట్లోవాళ్ళకు చూపిస్తానని ఫోన్‌లోకి పంపించుకుని, తెరిచి, పగలబడి నవ్వాడట.

"యే పానీ హై యా పెయింట్? అన్నాడు దీదీ. ఇది నీళ్ళా, రంగా అని. చుట్టూ ఉన్నవాళ్ళందరికీ చూపించాడు. శనివారం వరకూ టైమిచ్చాడు. అప్పటికీ ఇలాగే ఉంటే చెన్నైలో వేరేవాళ్ళతో చేయించుకుంటాడట." లాప్‌టాప్ తెరిచి నా వైపు తిప్పింది. "మీరు చెప్పినట్టే రంగు పెంచాను."

నేను వెంటనే తప్పు పక్కకు నెట్టాను. "అతని ఫోన్‌లో సెట్టింగ్ తేడా అయ్యుంటుంది." బొమ్మను నా ఫోన్‌లోకి పంపించమన్నాను. తెరిచి చూస్తే నిజంగానే పెయింటు. షోకేసులో ఇంకా అమ్ముడుపోని పల్చటి లాప్‌టాప్ బయటికి తీసి దాన్లోనూ పెట్టాను. అక్కడా పెయింటే. హేమ దగ్గరున్న గేమింగ్‌దాన్లో మాత్రం ఆ నీళ్ళు చక్కగా, సహజంగా ఉన్నాయి.

సంగతి అర్థమైపోయింది. ఆ స్క్రీన్‌కు రంగు చూపించే శక్తి లేదు. నీళ్ళు వెలిసిపోయినట్టు కనబడుతున్నాయని పాపం ఆ పిల్ల నా మాట నమ్మి పెంచింది, ఇంకా పెంచింది. తన కంటికి సరిగ్గా వచ్చేసరికి, మంచి స్క్రీన్ ఉన్న ప్రతివాడి కంటికీ అది డబ్బాలోంచి ఒలికిన నీలం రంగు అయింది. బొమ్మలు చేసేవాళ్ళకు స్క్రీన్ అబద్ధం చెబితే ఎంత వేగముండి ఏం లాభం? తప్పు కూడా వేగంగానే తయారవుతుంది.

నూకరాజు "నేను ఆ రోజే చెప్పాను కదా" అని ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. ఆయన స్టూలు అంచున కూర్చుని కూతురి వైపే చూస్తున్నాడు. కొత్త ఇంజిన్ కోసం ఆయన దాచుకున్న డబ్బంతా లాప్‌టాప్ అయి నా కౌంటర్ మీద ఇటుకలాంటి ఛార్జర్‌తో సహా పడి ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది.

"తప్పు నాదే" అన్నాను. పల్చటి లాప్‌టాప్ హేమ ముందుకు జరిపాను. "ఇది తీసుకో. అది నాకిచ్చెయ్. ఫైళ్ళన్నీ నేనే మారుస్తాను."

"వాడేసింది కదా దీదీ, మీకు నుక్సాన్..."

"నా నష్టం నేను చూసుకుంటాను. శనివారం సంగతి చూడు."

అప్పుడు ఆయన వైపు తిరిగాను. "బాబాయ్, మీరు కూడా కూర్చుని చూడండి. ఎక్కడ తప్పుందో చెప్పండి."

ఆయన మొదట మొహమాటపడ్డాడు. తర్వాత స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. ఇక చూడాలి ఆయన్ని!

"ఈ నీడలు సూస్తే పొద్దు పది గంటలు. ఆ టయానికి ఒడ్డు కాడ నీల్లు ఇంత నీలంగా ఉండవు పాపా. కింద ఇసక కదా, తెల్లగా మెరుస్తాది. రెండు బారల లోతుకెల్తే ఆకుపచ్చ. ఆ రాళ్ళు దాటినాక నీలం." స్క్రీన్ మీద వేలు తగలకుండా గాలిలోనే గీతలు గీసి చూపించాడు. నలభై ఏళ్ళుగా ఆ రంగులను బట్టే పడవ నడుపుతున్నాడు. రంగు పొరబడితే పడవ రాళ్ళ మీదికెక్కుతుంది.

హేమ రెండు రోజులు మా షాపులోనే కూర్చుని పనిచేసింది. ఒక్కో బొమ్మకు ఏడు నిమిషాలు పట్టింది, ఒక్కోసారి ఎనిమిది. ఆ ఖాళీలో తండ్రీకూతుళ్ళు టీ తాగారు. మొదటి రోజు నేను అంత గొప్పగా చూపించిన ఆ మూడు నిమిషాల తేడా ఎవరికీ గుర్తు కూడా లేదు.

శనివారం ఆమె హావ్‌లాక్ వెళ్ళింది. కాటేజీలు కట్టే చోటే, చెట్టు కింద, ఛార్జర్ లేకుండా లాప్‌టాప్ తెరిచి చూపించింది. సాయంత్రం ఫోన్ చేసింది.

"దీదీ! బొమ్మ చూసి ఆయన ఏమడిగాడో తెలుసా? ఈ ఫోటో ఎప్పుడు తీశావు అన్నాడు. అరే, ఇంకా పునాదే తియ్యలేదు!"

నవ్వుతూనే ఏడ్చేసింది. నేనూ అంతే. పని ఆమెకే వచ్చింది. మరుసటి ఏడాది ఆ సంపాదనతోనే తండ్రి పడవకు కొత్త ఇంజిన్ కొనిచ్చింది.

ఆ గేమింగ్ లాప్‌టాప్ ఇప్పటికీ నా కౌంటర్ మీదే ఉంది. బిల్లులు కొట్టడానికి అంత గ్రాఫిక్స్ కార్డ్ వాడే షాపు ఈ దీవుల్లో మాదొక్కటే అయ్యుంటుంది. ఇప్పుడు బొమ్మల పనికి లాప్‌టాప్ అడిగి వచ్చినవాళ్ళకు ముందు స్టాప్‌వాచ్ చూపించను. హోప్ టౌన్ ఒడ్డున పది గంటలకు తీసిన నీళ్ళ ఫోటో ఒకటి తెరిచి, ఏది నిజంలా ఉందో వాళ్ళనే చెప్పమంటాను. పక్కన ఎవరైనా చేతులు కట్టుకుని నిలబడి ఉంటే వాళ్ళనూ అడుగుతాను. నన్ను దాటి వెనక్కి చూసేవాళ్ళ మీద అన్నేళ్ళు కోపం పెట్టుకున్న నేను, ఆ రోజు ఎదురుగా ఉన్న మనిషిని అలాగే దాటి చూశాను.

నూకరాజు బాబాయ్ బజారుకు వచ్చినప్పుడల్లా మా షాపులో కాసేపు కూర్చుంటాడు. కొత్త స్టాకు వస్తే ఆయనకు చూపిస్తాను. ఈ మధ్య ఒక రోజు అలా టీ తాగుతుండగా ఒకతను లోపలికి వచ్చి, నా భుజం మీదుగా చూసి, "భయ్యా లేరా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా బాబాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"భయ్యా ఎందుకు బాబూ? ఆ అమ్మని అడుగు. ఆమెకి తెలుసు."