మోచేతి ఎత్తు

మా బడి తోటలో బెండ మొక్కల పక్కన నాలుగు సింకులున్నాయి. వాటిని బిగించింది మా నాన్న. ఈ మాట ఇప్పటికి ఎంతమందికి చెప్పానో నాకే గుర్తులేదు. వినని వాళ్లు ఖరగ్‌పూర్‌లో ఇంకా మిగిలి ఉంటే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నాన్న రైల్వేలో పైపు ఫిట్టరు. ముప్పై ఏళ్లు ప్లాట్‌ఫారాల మీద కుళాయిలు బిగించి రిటైరయ్యాడు. ఆ తర్వాత ఆరు నెలలు ఇంట్లో కూర్చుని, ఏ జబ్బూ లేని మా వంటింటి కుళాయికి వారానికోసారి వైద్యం చేశాడు. అమ్మ కొన్నాళ్లు ఓర్చుకుంది. చివరికి, ఆయనకి బయట పనేదైనా చూడమని నాతో చెప్పింది.

నేను గోల్‌బజార్ దగ్గర తెలుగు బడిలో ఒకటో తరగతి టీచర్ని. మధ్యాహ్నం అన్నానికి ముందు మా పిల్లలంతా ఒకే బకెట్‌లో ఒకే మగ్గుతో చేతులు కడుక్కునేవారు. చివరి పిల్ల వంతు వచ్చేసరికి అందులో నీళ్లు చారులా ఉండేవి. తోటలో సింకులు పెట్టిద్దామని పెద్దటీచరు అనగానే నాన్న పేరు చెప్పాను. రిటైరైన మనిషి, ఒక్కడే, చేయగలడా అని ఆవిడ అడిగింది. చేయగలడన్నాను. ఆ ప్రశ్న నాన్నకి చెప్పకూడదనుకుంటూ ఇంటికెళ్లి, చెప్పేశాను. నాన్న లేచి రెంచీకి నూనె రాశాడు.

పని వారం పట్టింది. రసమట్టం పెడితే బుడగ మధ్యలోంచి కదల్లేదు. ఒక్క అతుకూ చెమర్చలేదు. వాడిన నీళ్లు బచ్చలి పాదులోకి పారేలా చిన్న కాలువ తీశాడు. పెద్దటీచరు వచ్చి, అచ్చం స్టేషన్‌లో ఉన్నట్టే ఉన్నాయంది. ఆవిడా రైల్వే గార్డు కూతురే. మా ఊళ్లో అంతకు మించిన పొగడ్త లేదు.

తప్పు కూడా సరిగ్గా అదే.

సోమవారం మా తరగతి వరస కట్టింది. ముందు నిలబడింది అందరికంటే పొట్టి పిల్ల. మునివేళ్ల మీద లేచి కుళాయి తిప్పి చేతులు పైకి చాపింది. నీళ్లు మణికట్టు దాటి, మోచేయి దాటి, చంకలోంచి గౌనులోకి దిగాయి. దాదాపు స్నానమైంది. చేతులు రెండూ కలిపి రుద్దుకోవడం మాత్రం కుదర్లేదు.

ఎత్తు ఎంత ఉండాలని నాన్న ఎవరినీ అడగలేదు. ఆయన చెయ్యి తనకు అలవాటైన ప్లాట్‌ఫారం కుళాయి ఎత్తుకే వెళ్లి ఆగింది. నేనూ అడగలేదు. రోజూ వంగి ఆ పిల్లల బూట్ల లేసులు కట్టేదాన్ని, వాళ్లు పొట్టి అని నాకైనా తెలియాల్సింది.

పెద్దటీచరు మర్యాదగానే చెప్పింది. సింకులు పెద్ద తరగతులు వాడుకుంటాయట, చిన్నవాళ్లకి బకెట్ ఉండనే ఉందట. నాన్న సంచి సర్దుకున్నాడు. దారిలో సైకిలు వెనక కూర్చుని, పైపులు కోసి కిందికి దించుదామన్నాను.

"బండి గుమ్మం అందకపోతే బండి కోసేస్తామేటమ్మా? ప్లాట్‌ఫారం ఎత్తు సేస్తాం గాని."

అంత గొప్ప మాట అన్నాక మనిషి కాసేపు గంభీరంగా సాగిపోవాలి. సైకిలు చెయిను ఊడింది. దిగి నడిచాం.

మర్నాడు టేపు పట్టుకుని మా తరగతికి వచ్చాడు. ఒక్కొక్కరినీ గోడకి నిలబెట్టి మోచేయి ఉన్నచోట సుద్దముక్కతో గీత పెట్టాడు. కొత్త యూనిఫాం కుట్టిస్తున్నారనుకుని ఒకడు తనకి రెండు జేబులు కావాలన్నాడు. ఆ గీతల లెక్కన రెండు సింకుల ముందు ఇటుకలతో అరుగు కట్టాడు. ఒక చివర వాలు, అంచు పొడుగునా పసుపు గీత. ఇక్కడికి బండేమీ రాదు కదా, గీత ఎందుకన్నాను.

"అంచు మరి. గీత లేకపోతే ఎలగ?"

సిమెంటు ఆరాక అదే పిల్ల ఎక్కింది. నీళ్లు మణికట్టు దగ్గరే ఆగాయి. పెద్దటీచరు చూస్తోంది. నాకు కళ్లు నిండాయి. దుమ్ము పడిందని చెబుదామంటే తోట అప్పుడే తడిపి ఉంది. ఆ పిల్ల వెనక్కి తిరిగింది.

"తాతా, సబ్బేది?"

ఎవరమూ తేలేదు. స్టేషన్ కుళాయిల దగ్గర సబ్బు ఉండదు కదా.

పెద్దటీచరు నవ్వి నవ్వి, మేడ మీద కుళాయిలు కూడా చూడాలి, ఎప్పుడొస్తారని నాన్ననే అడిగింది. చేయగలరా అని అడగలేదు. నాన్న రేపొస్తానని చెప్పి, సైకిలెక్కి గోల్‌బజార్ వెళ్లి, సబ్బు, దాన్ని కుళాయికి వేలాడదీయడానికి వల సంచి, తాడు తెచ్చాడు. తాడు కట్టబోయి ఆగి, ఆ పిల్లని పిలిచాడు.

"సెయ్యి సాపమ్మా," అని జేబులోంచి టేపు తీశాడు.