వానకాలం ధర చెప్పిన కిరాణం అవ్వ

కిరాణం అవ్వ పోయిందని సోమవారం పొద్దున ఫోన్ వచ్చింది. భూపాలపల్లిలో నా ఫ్లాటు కింద దుకాణం ఆమెది. ఘనపూర్‌లో మా ఇంట్లో ఎసట్లో బియ్యం పోయబోతున్న దాన్ని, అట్లాగే వదిలేసి బస్సెక్కాను. దారంతా ఏడ్చాను. మధ్యలో నవ్వు కూడా వచ్చింది. ఏం చేయను, అట్లాంటి మనిషి మరి!

ఆ రెండు గదుల ఫ్లాటు నాయిన నా పేరున కొన్నది. రోజుల లెక్కన కిరాయికి ఇద్దామని ఫోన్‌లో ఒక యాప్‌లో పెట్టాను. ఎండాకాలం పెండ్లిళ్లకు వచ్చినవాళ్లతో నిండింది. వానలు మొదలవగానే ఒక్కరూ రాలేదు. మా ఆయన అన్నకు, అంటే మా బావకు, ఆ ఇంటి మీద ఎప్పటినుంచో కన్ను. "ఖాళీగ ఉంచి ఏం జేస్తరు? నాకు అమ్ముండ్రి" అన్నాడు. "దసరా దాక చూద్దాం. నడవకపోతే అన్నకే ఇద్దాం" అని మా ఆయన తేల్చేశాడు. నాయిన ఇచ్చిన ఇల్లు చేజారుతుందని నాకు అన్నం సయించలేదు.

అవ్వకు చెప్పుకున్నాను. చింతపండు తూస్తూ అడిగింది.

"వానకాలం కిరాయి ఎంత వెట్టినవే?"

"పెండ్లిళ్లప్పుడు ఎంతనో గంతే."

"మరి జాతరకు?"

"గదే అవ్వా."

తక్కెడ కింద పెట్టి పకపకా నవ్వింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది! గీ చింతపండుకే ఎండకాలం ఒక ధర, వానకాలం ఒక ధర. ఖాళీ ఇంటికి బూజు పడతది గని కిరాయి పడదు బిడ్డా."

నాకు ఒళ్లు మండింది. "తగ్గిస్తే మాత్రం గీ వానల ఎవలొస్తరు?"

"చెల్పూర్ కరెంటు ప్లాంటు పనికి వచ్చేటోళ్లు. ఏటా వానలల్ల మిషన్లు ఆపి మరమ్మతు జేస్తరు. బయటోళ్లంత నా దగ్గరనే చాయ్‌పత్త కొంటరు, ఉండ జాగ లేదని మొత్తుకుంటరు. ధర సగం జెయ్యి, నెలకు ఇయ్యి."

సగం చేశాను. వారం తిరగకుండానే నలుగురు ఇంజనీర్లు దిగారు. దసరా దాటినా కదల్లేదు! అవ్వ నన్ను బియ్యం బస్తా మీద కూర్చోబెట్టి ఏడాది మొత్తానికీ ధరలు చెప్పింది. పెండ్లిళ్లకు ఇంత, జాతరకు రెండింతలు. దవాఖానకు వచ్చినవాళ్లకు మాత్రం ఎప్పుడైనా వానకాలం ధరే. "గిరాకి చూసి ధర పెట్టు, గోస చూసి పెట్టకు" అన్నది. ఆ మాట ఇప్పటిదాకా తప్పలేదు నేను.

మేడారం జాతర వచ్చింది. జనగామ నుంచి చుట్టాలను వెంటబెట్టుకొని బావ దిగాడు. ఇల్లు కిరాయివాళ్లతో నిండిపోయి ఉంది. "మా ఇంట్ల మాకే జాగ లేదా?" అని దుకాణం ముందే కేకలు పెట్టాడు.

అవ్వ లేచి నిలబడింది. "ఇల్లు నీ మరదలుది, సీజన్ సమ్మక్క తల్లిది. నడుమ నువ్వెవలయ్యా?"

బజారంతా నవ్వింది. నాతో వచ్చిన మా ఆయన అటు తిరిగి నవ్వుకున్నాడు. ఆ చుట్టాలను అవ్వే తన వెనక గదిలో పడుకోబెట్టి, చాయ్ కూడా పోసింది. అమ్మకం మాట మళ్లీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

అవ్వను సాగనంపి వచ్చి, మూసిన షట్టర్ ముందు నిలబడ్డాను. ఒక ఆటో ఆగింది. సంచులతో దిగిన ఒకామె తల పైకెత్తి ఫ్లాటు చూసి, "గీ ఇల్లు ఎవలది అక్కా?" అని అడిగింది. ఎవరడిగినా ఇన్నేళ్లూ "మావోళ్లది" అనేదాన్ని.

"నాది" అన్నాను. ఏడుస్తూనే, బజారుకంతా వినబడేటట్టు. పైన బాల్కనీలో ఉతికి ఆరేసిన దుప్పట్లు గాలికి ఎగురుతున్నాయి.