మాబూబీ రాసిన పలక

సువార్తమ్మ సమాధి దాకా నడిచిన ఆడవాళ్లలో చాలామంది ఆమె దగ్గర అక్షరాలు నేర్చినవాళ్లే. అయినా ఎవరూ ఆమెను పంతులమ్మ అనలేదు. ఆమె కూడా వాళ్ల పక్కనే కూర్చుని పలకలు నున్నగా అరగదీసిన కూలీ.

1936లో మార్కాపురంలోని ఆ పలకల షెడ్డులో పాతికమంది ఆడవాళ్లుంటే, మిషన్ బడిలో నాలుగు తరగతులు చదివిన సువార్తమ్మకే రాత వచ్చు. ఊరూరి పిల్లలకు పలకలు చేసే చేతులకు ఓనమాలు రాకపోవడం ఆమెకు మింగుడుపడేది కాదు. మొదట పక్కనుండే మాబూబీ చేత అ, ఆ దిద్దించింది. మాబూబీ ఆవులించింది.

"ఇవి నాకేమన్నా చుట్టాలా అక్కా? గుర్తుండి చావవు."

"అయితే నీ ముచ్చటే ఒకటి చెప్పు. అదే రాద్దాం."

అందరికీ జిలాని పెండ్లాంగానే తెలిసిన మనిషి తన కథ చెప్పసాగింది. మధ్యాహ్నం సంగటి తిన్నాక రోజుకో మాట. విరిగిన పలక పెంకు మీద సువార్తమ్మ బలపంతో రాస్తే, మాబూబీ కింద దిద్దేది. సొంత మాటలు కాబట్టి మరిచిపోలేదు. బదులుగా సువార్తమ్మ, పురిట్లోనే పోయిన తన బిడ్డ సంగతి చెప్పింది. అంతకుముందు ఎవరికీ చెప్పనిది.

ఒకనాడు మాబూబీ ఉత్సాహం పట్టలేక, బలపం దొరక్క, కొలతలు గీసే ఇనుప మొలతో మంచి పలక మీదే రాసేసింది. తడిగుడ్డతో ఎంత తుడిచినా పోలేదు.

మేస్త్రి బ్రహ్మం ఆ పలక ఎత్తి చూపాడు. "నువ్వు గాక ఇక్కడ రాత ఎవరికొచ్చు? రేపట్నుంచి పనికి రావాకు సువార్తమ్మా."

సువార్తమ్మ ఎవరి పేరూ చెప్పలేదు. కొంగు దులుపుకుని లేచింది. మాబూబీ అడ్డమొచ్చింది.

"అది నేను రాసినాను మేస్త్రీ."

"నీకు వేలిముద్ర తప్ప ఏమొచ్చు? ఆమెను కాయడానికి అబద్ధాలా? ఏదీ, చదువు."

మాబూబీ పలక అందుకుంది. "నా పేరు మాబూబీ. పెండ్లినాడు మా అమ్మ నాకు కోడిపెట్టనిచ్చింది. త్రిపురాంతకం..."

ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. తాను ఒక్క అక్షరం అందించినా మేస్త్రి నమ్మడని సువార్తమ్మకు తెలుసు. పళ్లు బిగించి గోడవైపు తిరిగింది.

"...దాటినాక పెట్ట గంపలోంచి ఎగిరిపోయింది. మా ఆయన తలపాగా ఊడేట్టు దాని ఎంబడి పడినాడు."

షెడ్డంతా గొల్లుమంది. బ్రహ్మం పలక తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు.

"దొరికిందా మరి?"

"ఇంకా రాయలేదు."

"రాస్తే పెంకు మీద రాసుకోండి. ఇంకో మంచి పలక చెడిందో, ఇద్దరినీ పంపిస్తా."

అతను వెళ్లాక సువార్తమ్మ మాబూబీ భుజం మీద ఒక్కటేసింది. "త్రిపురాంతకం దగ్గర ఎందుకాగినావే? నా పానం పోయింది."

"పెట్ట గుర్తొచ్చి నవ్వొచ్చింది అక్కా."