పన్నెండు రోజుల గోడ

నిన్న పొద్దున పెరట్లో సున్నం గుంట మీది బండ జరిపించాను. తడి సున్నపు వాసన చల్లగా ముఖానికి తగిలింది. గద్వాల బజారులో, గిన్నెల దుకాణం గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ని నేను. నా నోటికి తగ్గని ధర లేదు. ఈ గుంట దగ్గరైతే అంతకంటే పెద్ద ఘనకార్యమే చేశాను. సున్నం నానాల్సిన రోజులనే బేరమాడి తగ్గించాను.

తాతల నాటి రాతి ఇంటిని కూలగొట్టి స్లాబు వేద్దామనుకున్న నన్ను ఆపినవాడు ఇటిక్యాల ఖాసీం మేస్త్రి. నడి ఎండాకాలంలో నన్ను ఆ గోడకు వీపు ఆనించి కూర్చోబెట్టాడు. చల్లగా ఉంది. "మన ఎండకు గిసుంటి గోడనే కావాలె సేటూ. సిమెంటు పూస్తే లోపలి తడి యాడికి పోతది?" అన్నాడు. పాత రాళ్లు, పాత దర్వాజాలు మళ్లీ వాడుకోవచ్చని కూడా చెప్పాడు. నిజం చెప్పాలంటే నాకు ముందు వినబడింది ఆ మాటే.

సున్నం గుంటలో పోసి నీళ్లు నింపాక, "నెల దినాలు ముట్టొద్దు" అన్నాడు. నాకేమో మా పాపను ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగ దగ్గరకొచ్చింది.

"ఖాసీం చాచా, పది దినాలు చెయ్యి."

"నేను గిన్నెలు అమ్ముతలేను సేటూ."

"నీ మాటొద్దు, నా మాటొద్దు. పన్నెండు."

ఆయన నవ్వాడు. "నాతోని గెలుస్తవు. సున్నంతోని ఎట్ల గెలుస్తవు? దానికి తెలుగు రాదు, ఉర్దూ రాదు."

వేరే మేస్త్రిని చూసుకుంటాలే అన్నాను. కొట్టు మెట్లు దిగిపోతున్నట్టు నటించే పాత ఎత్తు అది. ఆయన ముఖంలో నవ్వు పోయింది. ముందు గది గోడ ఒక్కటి పన్నెండో రోజున పూశాడు. మిగతా గదులు నెల నిండాకే ముట్టాడు.

తొట్టెల నాడు గోడ నున్నగా మెరిసింది. వానలు పడగానే, సరిగా నానని సున్నపు పలుకులు లోపల ఉబ్బి పెచ్చులు రాలాయి. గోడ నిండా అమ్మవారు పోసినట్టు సొట్టలు. అప్పుడే వనపర్తి నుంచి మా బావ వచ్చాడు, తానూ సున్నంతోనే ఇల్లు కట్టుకుందామని. చాచాను కూడా పిలిపించాను.

"గిదేంది, ఎవరు పూసిండ్రు?" అన్నాడు బావ.

నేను చాచా వైపు చూశాను. పన్నెండు రోజుల సంగతి చెప్పలేదు. చెబితే బావ ముందు పలుచనవుతానని భయం. చాచా చాయ్ గ్లాసు కింద పెట్టి, "నేనే పూసిన" అన్నాడు. అంతే. బావ సిమెంటు ఇల్లే కట్టుకున్నాడు.

ఆ రోజు వెళ్తూ చాచా గుంట దగ్గర ఆగాడు. "మిగిలిన సున్నం నీళ్ల కిందనే ఉంచిన. ఎంత నానితే గంత మంచిగైతది. నీకు పుర్సత్ దొరికిననాడు పిలువు సేటూ, గోడ గీకి మళ్ల పూస్త."

వచ్చే ఎండాకాలం అన్నాను. రెండు ఎండాకాలాలు అదే మాట అన్నాను. మూడోదానికి ఆయన లేడు. ఆ తరువాత ఒక్క వారం కూడా ఆ గుంటలో నీళ్లు ఎండనివ్వలేదు. దుకాణంలో ఎవరు "సేటూ" అని పిలిచినా, ఆయన కాదని తెలిసీ తల ఎత్తుతాను.

నిన్న సున్నం వేళ్ల మధ్య నలిపి చూశాను. వెన్నలా ఉంది, ఒక్క పలుకు లేదు. గోడ మళ్లీ పూయడానికి వచ్చిన కొత్త మేస్త్రి, "గింత మంచి సున్నం ఎవరు నానబెట్టిండ్రు?" అన్నాడు. ఈసారి అంతా చెప్పాను. సాయంత్రం బావకు ఫోన్ చేసి ఆయనకూ చెప్పాను. "జర ముందు చెప్పకపోయినవా" అన్నాడు.

చివరి బిల్లు ఇది. బేరంలో నాకు మిగిలింది పద్దెనిమిది రోజులు. చాచాకు పోయింది ఒక ఇంటి పని, ఒక మనిషి దగ్గర పేరు. గోడ మళ్లీ పూయడానికి కూలి నాది, సున్నం ఆయనది.