గుండుకు మందు పోయని బారు

ఆ కాలంలో తాగే చోటును చూస్తే తాగే చోటని తెలిసేది. బ్రాందీ షాపంటే బ్రాందీ షాపు, బారంటే బారు. లోపలికి పోయినవాడు ఎందుకు పోయాడో బయటున్నవాడికి తెలుసు, తిరిగొచ్చేటప్పుడు వాడి నడక చూస్తే మిగతా సంగతీ తెలుస్తుంది. ఇప్పుడు మా తిరుపతిలో దానికి లౌంజి అని పేరు పెట్టారు. మనిషి మొహం మనిషికి ఆనని వెలుతురు, చెవిలో సుత్తి పెట్టి కొట్టినట్టు పాటలు, ఒకసారి కూర్చుంటే లేవడానికి ఇద్దరు చేయి పట్టి లాగాల్సినంత మెత్తటి సోఫాలు. (నాకు కోపం ఎక్కువని మీరు అనుకుంటారు. నిజమే. "మావోడు పుట్టినప్పుడు ఏడవలేదు, మంత్రసానిని తిట్టినాడు" అని మా అమ్మ ఊరంతా చెప్పుకొనేది.) పోయిన నెల మా మనవడు తనకు ఉద్యోగమొచ్చిందని, "తాతా, నువ్వు రావాల్సిందే" అని నన్ను అలాంటి లౌంజికి లాక్కుపోయాడు. లిఫ్టు దిగగానే నల్ల కోటు తొడుక్కున్న కుర్రవాడొకడు చేయి అడ్డం పెట్టాడు. పంచెతో లోపలికి రాకూడదట! చెప్పులకు వెనక పట్టీ ఉండాలట! మనవడేమో "రూల్ అట తాతా" అని తల గోక్కుంటున్నాడు. నా రక్తం ఎక్కడికి ఎక్కిందో చెప్పక్కర్లేదు. ఎందుకంటే ఆ కొత్త మేడ లేచిన స్థలంలోనే ఒకప్పుడు మరో బారుండేది. దాని గోడలకు ఇటుకలు మోసింది నేను. దాని గుమ్మంలో కూడా నన్ను ఇలాగే ఆపారు.

అప్పుడు నాకు మీసాలు సరిగా రాలేదు. ఉరుముల మేస్త్రి దగ్గర కూలి. (ఆయన మెల్లగా మాట్లాడితే పక్కవీధి కుక్కలు మొరిగేవి, అందుకే ఆ పేరు.) ఆ బారు కట్టించినాయన నుదుటిమీద ఎప్పుడూ వెడల్పాటి నామాలుండేవి కాబట్టి ఆయన్ను మేమంతా నామాలప్ప అనేవాళ్ళం. దేవుడంటే ఎంత భక్తో వ్యాపారమంటే అంత భక్తి. మా వైపు ఇల్లు కడితే, గృహప్రవేశం రోజున కట్టినవాళ్ళకు కొత్త బట్టలు పెట్టి, మొదటి బంతిలో కూర్చోబెట్టి అన్నం పెట్టడం పద్ధతి. ఇంటాయన చుట్టాలైనా ఆ తరవాతే. నామాలప్ప పునాది రోజునే మాకు మాటిచ్చాడు. "బారైతే ఏమప్పా, ఇల్లు ఇల్లే గదా. తెరిసిన పొద్దు మొదటి బంతి మీదే. కొత్త పంచెలు కట్టుకోని, దొరల మాదిరి కుర్సీల్లో కూసోండి. నేనే వడ్డిస్తా." ఆ మాట నా బుర్రలో దిగబడిపోయింది. అప్పటిదాకా నేను కట్టిన ఏ ఇంట్లోనూ కుర్చీలో కూర్చోలేదు. మిగతావాళ్ళు ఏం తాగాలా అని ఆలోచిస్తే, నేను ఏ కుర్చీలో కూర్చోవాలా అని ఆలోచించేవాణ్ణి. కిటికీ పక్కది నాదని తోటి కూలీ పొట్టోడితో పోట్లాడి మరీ ఖాయం చేసుకున్నాను. తెరిచే ముందురోజు నామాలప్ప ఒక బోర్డు తెచ్చి గుమ్మం పక్కన కొట్టమన్నాడు. వంకర లేకుండా, నాలుగుసార్లు దూరంపోయి చూసుకుని, మేకులు కొట్టాను. దానిమీద ఏముందో నాకెలా తెలుస్తుంది? అక్షరాలు నా దగ్గరికి నలభై దాటాక గానీ రాలేదు.

ఆ నడుమ పరంజా మీద నుంచి ఒకసారి జారి, ఇసుక కుప్పలో పడి, దులుపుకుని లేచాను. నేను మరచిపోయాను గానీ మా అమ్మ మరచిపోతుందా? తలనీలాలిస్తానని మొక్కేసింది. (ఆమె తల కాదు, నా తల.) మంచి రోజెప్పుడని అయ్యోరిని అడిగితే ఆయన పంచాంగం తిప్పి ఒక రోజు చెప్పాడు. నామాలప్పకు ముహూర్తం పెట్టిందీ ఆ అయ్యోరే, పంచాంగమూ అదే. ఇంకేం, రోజూ అదే! "మ్మా, ఆపొద్దు బారు తెరస్తా ఉండారు, ఇంకోపొద్దు పోదాం" అంటే ఆమె చీపురు అందుకుంది. "దేవుడు నిన్ను ఇసకలో ఏసినాడు కాబట్టి సరిపొయ్యింది. రాళ్ళమింద ఏసుంటే బారుకు పొయ్యేవాడివా?" తెల్లారేసరికి కొండమీదున్నాం. కల్యాణకట్టలో నా తల నున్నగా అయిపోయింది. నెత్తి నిండా గంధం పూసి, పాకాలలో ఉండే పిన్నమ్మకు ఇవ్వాలని లడ్డూల సంచి నా చేతికిచ్చింది అమ్మ. కొండ దిగి, ఆమెను బస్టాండులో ఎవరో ఊరివాళ్ళ పక్కన కూర్చోబెట్టి, "ఇప్పుడే వస్తా" అని ఒకటే పరుగు.

బారు ముందు మామిడాకులు కట్టి ఉన్నాయి. గుమ్మంలో కొత్తగా పెట్టిన కాపలా మనిషి, గుబురు మీసాలాయన, నన్ను చూసి రెండు చేతులూ జోడించాడు. మర్యాద బాగుందే అనుకుని లోపలికి అడుగు వేశాను. జోడించిన చేతులతోనే అడ్డం నిలబడ్డాడు.

"సామీ, మీకు ఈడ పోసేది లేదు. ఇంటికి పోయి, రేపట్నించి మీ ఇష్టం."

"ఏం, నాకెందుకు పొయ్యరు?"

"కొండ దిగి నేరుగా వచ్చినోళ్ళకు పొయ్యగూడదని మా అయ్య రూలు. అదో, సూడు, బోర్డు మింద రాసుండాది గదా! గుండుతో వచ్చే భక్తులకు ఈడ మందు లేదని."

నేను మేకులు కొట్టిన బోర్డు! వంకర ఉందా అని నాలుగుసార్లు దూరం పోయి చూసుకున్న బోర్డు! ఆ క్షణంలో నాకు వచ్చిన కోపానికి నెత్తిమీద గంధం ఎండిపోయి పెచ్చులూడింది. "ఒరేయ్, ఈ గోడ కట్టింది నేనురా! నువ్వు ఆనుకోని నిలబడుండావే, ఆ వాకిలి ఎత్తి పట్టుకున్నది నేనురా!" అని అరిచాను. ఆయన మాత్రం కొంచెం కూడా కోపం తెచ్చుకోలేదు. (భక్తుణ్ణి తిట్టకూడదు కదా!) "అట్లనే సామీ, అట్లనే" అంటూ నన్ను మెట్ల కిందికి దించుతున్నాడు. తిట్టేవాడితో పోట్లాడొచ్చు, దండం పెట్టేవాడితో ఎలా పోట్లాడేది? లోపల నా కిటికీ పక్క కుర్చీలో పొట్టోడు కొత్త పంచె కట్టుకుని కాలుమీద కాలేసుకుని కనబడ్డాడు. "మేస్త్రీ!" అని గొంతు చించుకున్నాను. మేస్త్రి గ్లాసు పట్టుకుని వచ్చి, నా తలను కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చూసి, చాలా భక్తిగా "ఎవరు సామీ?" అన్నాడు. ఒక ఏడాది ఆయన కింద పనిచేశాను! అప్పుడు నేనన్న మాట ఇక్కడ రాయను. అది వినగానే ఆయన మొహం వెలిగింది. "ఓహో, ఈ నోరు మావోడిదే!"

ఈలోగా నామాలప్ప వచ్చాడు. "నువ్వేనంట్రా! నా మాట నాకు గుర్తుండాది. కానీ ఈ గుండుతో నా బారులో కూసుంటే ఆయప్ప నన్ను వదుల్తాడా? రేపు రా నాయనా" అని కొండ వైపు తిరిగి లెంపలేసుకున్నాడు. రేపు వస్తే అది మొదటి బంతి ఎలా అవుతుంది? అది అడిగేలోగా మొదటి బల్ల దగ్గర కూర్చున్న చిత్తూరు మామిడి మండీ ఆయన గ్లాసు కింద పెట్టి లేచాడు. "సామీ, సంచిలో ప్రసాదమా? రవ్వంత పెట్టు." ఇంక నాకు ఒళ్ళు తెలియలేదు. "మందు నాకు వద్దంటారు, ప్రసాదం మీకు కావాల్నా? తీసుకోండి! అందరూ తీసుకోండి!" అని సంచి విప్పి, లడ్డూలు చిదిమి, కనబడిన ప్రతి చేతిలోనూ కసిగా కుక్కాను. ఎంత తాగుబోతైనా మా తిరుపతివాడు ప్రసాదం వద్దంటాడా? "ఉండు సామీ, నోరు కడుక్కోనొస్తా" అని చేతులు కడుక్కునే చోట వరస కట్టారు. పుక్కిలించారు, కళ్ళకద్దుకున్నారు, తిన్నారు. తిన్నాక తెలిసింది ఏం చేశారో. మండీ ఆయన తన గ్లాసును పామును చూసినట్టు చూశాడు. "ప్రసాదం తిన్న నోటితో ఎట్లా తాగేది? రేపొస్తాంలే అప్పా." ఆయన వెనక ఇంకొకడు, వాడి వెనక ఒక బల్ల మొత్తం. చివరికి మేస్త్రి కూడా ఉరుములు లేకుండా, "ఒరే, నీ గుండు మండ!" అని గొణుక్కుంటూ కూలీలను వెంటేసుకుని పోయాడు. తెరిచిన రోజునే బారంతా ఖాళీ.

నామాలప్ప నన్ను కొడతాడనుకున్నాను. ఆయన ఖాళీ కుర్చీలన్నిటినీ ఒకసారి చూసి, "కొంప ముంచినావు గదరా!" అని పళ్ళు కొరికి, తరవాత మెల్లగా చేయి చాపాడు. "నాగ్గూడా పెట్టు." సంచి అడుగున మిగిలిన పొడి ఆయనకు పెట్టాను. అది నోట్లో వేసుకుని, కిటికీ పక్క కుర్చీ జరిపి, "కూసో" అన్నాడు. "ఇప్పుడిది బారు గాదు, సత్రం. మొదటి బంతి నీదే." కొత్త పంచె నా భుజం మీద వేశాడు. ఇంటి నుంచి ఆయనకొచ్చిన క్యారియరు విప్పి, పెరుగన్నం నాకే వడ్డించి, గోలీ సోడా కొట్టిచ్చాడు. నేను కోపం దిగకుండానే తిన్నాను. (కోపంలో కూడా ఊరగాయ రెండోసారి అడిగాను.) బస్టాండులో అమ్మ ఖాళీ సంచిని చూసి ఏమందో మాత్రం అడగకండి.

అదంతా తలలో తిరుగుతుంటే, లౌంజి గుమ్మంలో నోరు తెరవబోయాను. అంతలో ఆ నల్ల కోటు కుర్రవాడు నా తలను చూసి గొంతు తగ్గించాడు. "తాతా, కొండకు పోయొచ్చినారా? ప్రసాదమేమన్నా ఉండాదా?"

"ఈ గుండు నేనిచ్చింది కాదు నాయనా" అన్నాను. "ఆయప్పే నిదానంగా తీసుకున్నాడు."

వాడు నవ్వి, తన స్టూలు నాకు వేశాడు గానీ తలుపు మాత్రం తెరవలేదు. రూలు కదా! సరే, గుమ్మంలోనే కూర్చున్నాను, పంచె సర్దుకుని, కోపంగా. లిఫ్టు తెరుచుకుంది. ముగ్గురు కుర్రవాళ్ళు కేకలేసుకుంటూ దిగి, గుమ్మంలో నా గుండు చూసి గమ్మునైపోయారు. ఒకడి చేతులు వాటంతటవే సగం లేచాయి. "రేపొద్దామా బా?" అని గుసగుసలాడుకుని మళ్ళీ లిఫ్టెక్కారు. తరవాత వచ్చినవాళ్ళూ అంతే. నల్ల కోటు కుర్రవాడికి చెమటలు పట్టాయి. "తాతా, నీకు దండం పెడతా. లోపలికే పోప్పా!"

పోయాను. పంచెతోనే, పట్టీ లేని చెప్పులతోనే. మనవడు కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. గోలీ సోడా అడిగితే వాళ్ళ దగ్గర లేదట, దానిమీద ఇంకో రభస చేశాను. కాసేపటికి ఆ గుడ్డి వెలుతురులో ఎదురుగా ఒక ముసలాయన నున్నటి తలతో, నామీద ఏదో పాత పగ ఉన్నట్టు గుర్రుగా చూస్తూ కనబడ్డాడు. ఎవరు సామీ అని అడగబోయాను. అద్దం. ఆ మొహానికి ఎవరో ఒకరు కాస్త పెరుగన్నం పెడితే బాగుండుననిపించింది.