మోతికి కట్టిన ట్రాన్స్‌మిటర్

1994 ఎండాకాలం. మర్రిగూడ బస్టాండు పక్కన రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసే దుకాణం నాది. ఒకరోజు పొద్దున్నే బాలయ్య వచ్చాడు. కూలికి పోయే మనిషి. భార్య పోయాక ఆయనకు తోడున్నది మోతి అనే కుక్క ఒక్కటే.

నాలుగు రోజుల కింద ఆ మోతి పక్కింటి సుజాతను పిక్క మీద కరిచింది. ఆమెకు ఏడో నెల. దవాఖానలో ఆ రోజే బొడ్డు చుట్టూ వేసే సూదులు మొదలుపెట్టారు. కుక్కను పది రోజులు కనిపెట్టి చూడమని, అది బాగుంటే సూదులు ఆపేస్తానని డాక్టర్ చెప్పాడు. బాలయ్య గొలుసు వేశాడు. నా దగ్గరికి వచ్చే ముందురోజు అది తెంపుకొని పోయి, సాయంత్రానికి తిరిగొచ్చింది.

“మహబూబ్ భాయ్, మల్ల తెంపుకుంటె ఏడున్నదో ఎర్కయ్యే మిషిన్ ఏమన్న చేస్తవా? నర్సింహ సంపుతనని తిరుగుతాండు.” నర్సింహ సుజాత భర్త.

ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటర్ అంటే చిన్న రేడియో స్టేషన్ లాంటిది. ఒక ట్రాన్సిస్టర్, రాగితీగ చుట్ట, తొమ్మిది వోల్టుల బ్యాటరీ చాలు. డయల్ మీద ఒకచోట ‘జుయ్’మని మోగుతుంది. బయలులో రెండు వందల గజాల దాకా అందుతుంది. సబ్బుపెట్టెలో బిగించి, మోతి ఛాతీ చుట్టూ పట్టీతో కట్టాను.

“బ్యాటరీ ఎన్ని దినాలొస్తది భాయ్?”

“రెండు దినాలు,” అన్నాను. పరీక్షించి చెప్పింది కాదు, నోటికొచ్చిన లెక్క.

కరిచిన ఎనిమిదో రోజు మధ్యాహ్నం బాలయ్య ఉరికొచ్చాడు. మోతి గొలుసుతో సహా మాయమైంది. బ్యాటరీ మార్చింది ముందురోజు పొద్దున, నా లెక్కన ఇంకా పనిచేయాలి. పిచ్చెక్కిన కుక్కే ఇట్లా ఇల్లు విడిచిపోతుందని ఊరంతా అనడం మొదలైంది. నర్సింహ కట్టె పట్టుకొని మా వెంట వచ్చాడు. ఎంత వద్దన్నా వినకుండా సుజాత కూడా వచ్చింది.

నేను టూ-ఇన్-వన్ రేడియోను గుండెకు ఆనించి, ఆగి ఆగి చుట్టూ తిరుగుతూ పోయాను. మన ఒళ్లు అడ్డొచ్చినప్పుడు మోత తగ్గుతుంది. అంటే కుక్క వీపు వెనక ఉన్నట్టు. కానీ పత్తి చేలన్నీ దాటినా మోతే లేదు. గంట గడిచింది. నా చొక్కా తడిసి ముద్దయింది.

“గీ డబ్బతోని ఏమైతది? గది ఎవల్నో కరిచెదాంక ఆగుదమా?” అని నర్సింహ అరిచాడు.

అప్పుడు తట్టింది. బ్యాటరీ నీరసిస్తే స్టేషన్ డయల్ మీద పక్కకు జరుగుతుంది. నేను పాతచోటనే వింటున్నాను. ముల్లును వెంట్రుకవాసి జరుపుతూ వెనక్కి నడిచాను. ఎండిపోయిన ఒక బావి దగ్గర సన్నగా ‘జుయ్’మంది. రెండడుగులు వేసేసరికి అదీ ఆగిపోయింది. బ్యాటరీ చచ్చింది.

బావిలోకి తొంగిచూశాం. అడుగున మోతి. గొలుసు రాళ్ల మధ్య ఇరుక్కుంది. నోటి నుంచి చొంగ కారుతోంది. ఎండకా, పిచ్చికా? పైనుంచి ఎవరు చెప్పగలరు? బాలయ్య చేతికి గోనెసంచి చుట్టుకొని తాడు పట్టుకున్నాడు.

“దిగకు! కరిస్తె నువ్వు గూడ పోతవ్,” అని నర్సింహ పెద్ద రాయి ఎత్తాడు.

సుజాత ఆయన చెయ్యి పట్టుకుంది. “సంపితె అది పిచ్చిదో కాదో నాకెట్ల ఎర్కయితది? బిడ్డ కదిలినప్పుడల్ల భయమైతాంది నాకు. రాయి ఇడ్సిపెట్టు. తాడు వట్టు.”

నర్సింహ రాయి పక్కకు పారేసి తాడు నడుముకు చుట్టుకున్నాడు. బాలయ్య ఆ తాడు పట్టుకొని దిగాడు. కింద గొలుసు చప్పుడు, ఆ తర్వాత ఆయన గొంతు: “నాకుతాంది... నా చెయ్యి నాకుతాంది!” ఆ నాకుడు కూడా ప్రమాదమేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పైకి తెచ్చాక దాన్ని నర్సింహే కొత్త గొలుసుతో కట్టేశాడు. పదో రోజు పశువుల డాక్టర్ వచ్చి చూసి, జబ్బేమీ లేదన్నాడు. సుజాతకు సూదులు ఆపేశారు. ఆ మాట విన్నాక ఆమె గడపలో కూలబడి ఏడ్చింది. రెండు నెలలకు ఆడపిల్ల పుట్టింది.

మోతి దొరికిన వారమే నేను కొత్త బ్యాటరీ వేసి, గడియారం ముందు కూర్చుని లెక్క చూశాను. ఒక పగలు, ఒక రాత్రి దాటి కాసేపు, అంతే వచ్చింది. బాలయ్య దగ్గరికి పోయి తప్పు నాదేనని ఒప్పుకున్నాను.

“నువ్వు చెప్పకుంటె నాకెట్ల ఎర్కయితుండె భాయ్?” అన్నాడాయన, కోపం లేకుండా.

నిజమే. దుకాణానికి వచ్చిన మనిషికి నా మాటను పరీక్షించే దారి ఉండదు. నమ్మి పోవడమే. అప్పటి నుంచి ఎవరేం అడిగినా, నాకు తెలియకపోతే “చూసి చెప్తా, రేపు రా” అనడం అలవాటు చేసుకున్నాను.