మా తమ్ముడు అడిగిన ఆరో అర్థం

నేను చదివింది పల్లెబడిలో ఐదో తరగతి. ఆ చదువుతోనే ముప్ఫై ఆరేళ్లు అచ్చుయంత్రం నడిపాను. బడి పుస్తకాలు, కరపత్రాలు, మందుసీసాల చీటీలు, ఒక నిఘంటువు, అన్నీ నా చేతి మీదుగా వెళ్లినవే. యంత్రానికి ఒక్క వేలూ సమర్పించుకోలేదు, పదీ ఉన్నాయి, చూసుకోవచ్చు. అయితే ఇది రాస్తున్నది నా గురించి కాదు, మా తమ్ముడి గురించి. వాడు చెప్పుకోడు కాబట్టి నేను చెప్పాలి.

వాడు అదే ప్రెస్సులో కంపోజిటరు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరసగా పేర్చేవాడు. అచ్చుకు వచ్చిన రాతని మేం మేటర్ అంటాం. వాడి బల్ల పైన గోడకి ఒక మేకు, దాని పైన ఇంగ్లీషులో ఆ మాట రాసిన రేకుముక్క. మేకుకి కాగితం గుచ్చామా, ఇక వాడికి లోకంతో పనిలేదు. పొద్దున్నే "అన్నయ్యా, మేటర్ వచ్చిందా?" అన్నదే వాడి పలకరింపు. పెళ్లయిన మర్నాడు కూడా అదే అడిగాడని మా మరదలు ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

కాగితం మీద ఏముంటే అదే పేర్చడం వాడి నియమం. అక్షరం కలపడు, అక్షరం తీయడు. ఒకసారి ఓ వైద్యుడు కరపత్రం పంపుతూ పైన "నా దస్తూరీ బాగుండదు, కాస్త చూసి చదవండి" అని రాశాడు. మావాడు దాన్నీ పేర్చాడు. నడిమధ్యకి జరిపి, కింద అందంగా గీత కూడా వేశాడు. నేనూ చూసుకోకుండా ఐదు వందలు కొట్టేశాను. అందులో నా పాలూ ఉంది, ఒప్పుకుంటాను. ఇంత నిజాయితీపరుడు ఎవరా అని ఆ వైద్యుడి దగ్గరికి జనం కట్టకట్టుకు వెళ్లారు, అది వేరే సంగతి.

అలాంటివాడు ఒకనాడు పని ఆపాడు.

అప్పుడు పిల్లల కోసం ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు వేస్తున్నాం. రాసినాయన రిటైరైన హెడ్మాస్టరు. ప్రూఫు మీద సంతకం పెట్టాక చుక్క కదిలినా ఊరుకోడు. అప్పటికే రెండు ప్రెస్సులతో పోట్లాడి పని వెనక్కి లాక్కున్న మనిషి. ఈ పుస్తకం చేజారితే కంపోజిటర్లలో ఒకర్ని తీసేస్తానని యజమాని ముందే చెప్పి ఉంచాడు. సంతకమైన పేజీలు ఒక్కొక్కటే నా యంత్రం ఎక్కుతున్నాయి. ఒక్క పేజీ మాత్రం తమ్ముడు ఇవ్వడు.

"ఏంట్రా?"

"ఇటు చూడు. మన మేకు మీదున్న మాటే. పదార్థం, విషయం, ఇబ్బంది, చీము, ముఖ్యమగుట. ఐదే రాశారు. మనది లేదు."

"లేకపోతే ఏమైందిప్పుడు?"

"చీము ఉందన్నయ్యా. మనం లేము."

నాకు నవ్వాగలేదు. "కింద ఒక వరస ఖాళీ ఉందిగా, పేర్చెయ్. ఎవరు చూడొచ్చారు?"

"సంతకమైనదాంట్లో చెయ్యి పెడతానా?" అన్నాడు, దొంగతనం చెయ్యమన్నట్టు చూసి.

"అయితే వెళ్లి ఆయన్నే అడుగు."

ముప్ఫై ఏళ్లలో వాడు రాసినవాళ్లతో మాట్లాడిన పాపాన పోలేదు. ఆ రోజు మాత్రం ప్రూఫు మడిచి జేబులో పెట్టుకుని ఆయనింటికి బయల్దేరాడు. నోరు పెగలకపోతే సాయానికుంటానని నేనూ వెనకాలే వెళ్లాను.

తమ్ముడు చూపించిన పేజీ చూసి హెడ్మాస్టరు కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "నా అర్థాలు తప్పంటావా?"

"తప్పు కాదండి. అన్నీ ఉన్నాయండి. చీము కూడా ఉందండి."

"మరి?"

"మేం రోజూ పేర్చేదాన్ని కూడా ఆ మాటే అంటామండి. మీ పుస్తకమంతా మాకు అదేనండి."

ఆయన ఆ ఐదు అర్థాలూ వేలు పెట్టి మళ్లీ చదువుకున్నాడు. ఆఖరికి కలం ముందుకు చాపి, "అయితే నువ్వే రాయి" అన్నాడు.

ఇక చూడాలి మావాడి అవస్థ. లక్షల వరసలు పేర్చిన మనిషి, సొంతంగా ఒక్క వరస రాయమనేసరికి అరుగు మీద చతికిలపడ్డాడు. లోపలి నుంచి వచ్చిన కాఫీ మీగడ కట్టేసింది.

"నువ్వు చెప్పన్నయ్యా."

"నేను యంత్రం వాణ్ణి. నీ తంటా నువ్వే పడు."

చివరికి రాశాడు: "అచ్చు కోసం ఒకరు రాయగా మరొకరు పేర్చునది." ఆ "మరొకరు" దగ్గర కలం కాసేపు ఆగింది.

హెడ్మాస్టరు చదివాడు. ఒక్క అక్షరం దిద్దలేదు. పక్కన "ఇది బాగుంది. చేర్చండి" అని రాసి సంతకం పెట్టాడు.

దారి పొడుగునా నాకు ఒకటే బెంగ. వాడి నియమం నాకు తెలియనిదా? ఆ మెచ్చుకోలునీ పేర్చి కూర్చుంటాడు, రెండు వేల పుస్తకాల్లో పిల్లలంతా చదువుతారు, హెడ్మాస్టరు మూడో ప్రెస్సుతోనూ పోట్లాడతాడు. సీసపు అక్షరాలు అద్దంలోలా తిరగబడి ఉంటాయి, వాటిని చదవడం నాకు పలక చదివినంత తేలిక. యంత్రం ఎక్కించేముందు ఆ పేజీని మూడుసార్లు చదివాను. ఆరో అర్థం ఉంది. దాని తర్వాత ఏమీ లేదు.

"ఏరా, కాగితం మీద ఇంకో మూడు మాటలున్నాయిగా?"

"పేర్చానన్నయ్యా. మళ్లీ తీసేశాను. అవి నాకు రాసినవి, చదివేవాళ్లకి కాదు."

వాడు మేటర్లోంచి తీసిన మాటలు జన్మకి ఆ మూడే. ఆ కాగితం ఉందా అని మొన్న అడిగాను.

"ఏ కాగితం?" అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

మా మరదలు లోపల్నించి అందుకుంది. "బీరువాలో ఉంది బావగారూ, నా గొలుసు పెట్టుకునే డబ్బాలో. గొలుసుకే చోటు లేదు."